రేవు దగ్గర చెయ్యెత్తిన రేకు బొమ్మ

బొమ్మల కాలేజీలో చదువుతున్న పిల్లలూ, మీకోసం నాలుగు మాటలు రాయమని అడిగినవాళ్ళకు ముందే చెప్పాను, నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణని. లెక్కల సారుకూ నాకూ పడలేదు. ఇద్దరిలో ఒకరు బడి విడిచిపోక తప్పదని తేలింది. ఆయనకు జీతం వస్తుంది కాబట్టి నేనే పోయాను. పోయి జనగామలో బోర్డులు రాసే ఉస్తాదు దగ్గర చేరాను. అప్పుడు పట్టుకున్న కుంచెను, మోకాళ్ళు నిచ్చెన ఎక్కమని మొరాయించేదాకా కింద పెట్టలేదు. ఇప్పుడు రిటైరయ్యాను. శాలువా లేదు, సభ లేదు. నిచ్చెనను పక్కింటివాళ్ళకిచ్చాను, అదే నా వీడ్కోలు సభ.

నేను రాసిన అక్షరాలు చాలావరకు ఇప్పుడు ఫ్లెక్సీల కింద నిద్రపోతున్నాయి. నిద్రపోనిది ఒక్కటుంది. గోదావరి ఒడ్డున నిలబడి ఇప్పటికీ పూజలందుకుంటోంది. దాని సంగతే మీకు చెప్పాలి. ఎందుకంటే అది చేసింది నేను కాదు, మీలాంటి పిల్ల.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున దుకాణం ముందు నిలబడింది. భుజాన సంచి, సంచిలో కంప్యూటరు. హైదరాబాదులో డిజైన్ చదువు, ఆఖరి సంవత్సరం. ఊరు కొత్తగూడ అడవిలో ఒక తండా. డిగ్రీ చేతికి రావాలంటే కొన్ని నెలలు బయట ఎక్కడైనా పని నేర్చుకోవాలట. అంతేకాదు, జనం మధ్య నిలబడే పని ఒక్కటైనా చేసి, కాలేజీ మేడం వచ్చినప్పుడు చూపించాలట. తోటి పిల్లలంతా అద్దాల మేడల కంపెనీల్లో చేరారు. ఈమె మాత్రం పాత రేకులు, ఎనామిల్ డబ్బాలు ఉన్న నా కొట్టుకు వచ్చింది.

"హైదరాబాదుల పెయింటర్లు అందరు సచ్చిపోయిన్రా బిడ్డా?" అన్నాను.

"లేదు కాకా. మా తండాకు పోయే తొవ్వల ఎరువుల దుకాణం గోడ మీద నువ్వేసిన ఎద్దు ఉంటది. చిన్నప్పటి సంది బస్సులకెల్లి చూసుకుంట పెరిగిన."

"గా ఎద్దుకు మూడు కాళ్ళే ఉంటయి. నాలుగోదానికి గోడ అయిపోయింది."

"గది చూసే వచ్చిన. మూడు కాళ్ళ ఎద్దును అందరు నమ్మేటట్టు ఎట్ల గీసిండో అడుగుదామని."

పొగిడిందో, వాత పెట్టిందో నాకు అర్థం కాలేదు. చేర్చుకున్నాను.

నా కొట్టు పక్కనే వెల్డింగ్ షాపు. అది నా చిన్ననాటి దోస్తుది. నా బోర్డులన్నిటికీ ఇనుప చట్రాలు వాడే చేసేవాడు. నవ్వు రాని మనిషి. నేను జోకేస్తే గ్యాసు ఎక్కడైనా లీకవుతోందేమో అన్నట్టు ముక్కు ఎగబీల్చి చూస్తాడు. వాడు ఆ పిల్లను చూసి, "గీ పిల్ల నీ దగ్గర ఏం నేర్చుకుంటదిరా? నువ్వే ఇంకా నేర్చుకుంటున్నవ్" అన్నాడు. అబద్ధం కాదు.

వారం తిరక్కుండానే వాళ్ళమ్మ వచ్చింది. బిడ్డ ఎక్కడ పనిచేస్తోందో చూసుకోవడానికి తండా నుంచి బస్సులు మారి వచ్చింది. ఎర్రటి బట్టలు, ఎండలో పనిచేసిన చేతులు. కొట్టంతా ఒకసారి కలియజూసింది.

"అన్నా, గీ బొమ్మలకు కూలి ఇస్తరా?"

"ఇస్తరక్కా. అడిగి, తిరిగి, కొట్లాడితే ఇస్తరు."

"మిరప తోటల కొట్లాడకుంటనే ఇస్తరు గదా." ఆమె బిడ్డ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అంది. పిల్ల తల వంచుకుంది. తరువాత నాతో, "తండాల అందరు నవ్వుతున్నరన్నా, సదువుకోమంటే ముగ్గులేస్తున్నదని. ఈ కార్తీకం దాకా చూస్త. గప్పటికి గీ చదువుకు ఒక దారి కనవడకపోతే నా ఎంబడి తోటకు వస్తది" అని చెప్పి బస్సెక్కింది.

ఆ పిల్ల భయం నాకు అప్పుడు తెలిసింది. మేడం ఒకవైపు, అమ్మ ఒకవైపు. మధ్యలో నా రేకులు.

మొదట్లో తుప్పు గీకించాను, ప్రైమర్ పూయించాను, కుంచెలు కడిగించాను. అసలు చదువు మాత్రం గిరాకీలే చెప్పారు. ఒక చికెన్ షాపు యజమాని వచ్చి, బోర్డు మీద కోడి నవ్వుతూ ఉండాలన్నాడు. పిల్ల ఆగలేకపోయింది. "కోసేటప్పుడు కోడి ఎందుకు నవ్వుతది?" అని అడిగేసింది. గిరాకీ పోయిందనుకున్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "గట్లయితే నన్నే గీయి, నేను నవ్వుత" అన్నాడు. ఆయన మొహమే వేసింది. కోళ్ళకు కూడా కాస్త ఊరట.

నా అక్షరాలకు నీడలు, నీడలకు నీడలు వేసేవాణ్ణి. "కాకా, అక్షరానికి నగలు ఎక్కువైనయి, మొఖం కనవడ్తలేదు" అనేది. నేను అలిగేవాణ్ణి. మరునాడు ఒక నీడ తీసేసేవాణ్ణి. అట్లా ఎవరు ఎవరి దగ్గర పని నేర్చుకున్నామో లెక్క తేలదు. లెక్కలు నాకు రావని మొదటే చెప్పాను.

దసరా దాటాక వచ్చింది అసలు పని. కాళేశ్వరానికి దిగువన గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరు. పేరు చెప్పను, చెబితే వాళ్ళు నన్ను మళ్ళీ భోజనానికి పిలవరు. కార్తీక పున్నమికి ఆ ఊరి రేవులో చుట్టుపక్కల జనమంతా మునుగుతారు. రేవుకు పైచివర ఇసుక, మోకాలి లోతు నీళ్ళు. కిందిచివర నది తవ్విన గుంట. పైనుంచి చూస్తే రెండూ ఒకటే లాగ ఉంటాయి. కిందటేడు ఒకామె గుంటలో మునిగితే తెప్ప మీది బెస్తవాళ్ళు జుట్టు పట్టుకుని లాగారు. ప్రమాదమని ఫ్లెక్సీ కడితే ఎవరో విప్పుకుపోయి గడ్డివాము మీద కప్పుకున్నారు. అందుకే ఊరి పెద్దమనిషి ఒకాయన, మా వెల్డరుకు దూరపు చుట్టం, గట్టి రేకు బోర్డు కావాలని వచ్చాడు.

"ఇది నాకియ్యి కాకా. మేడంకు గిదే చూపిస్త" అంది పిల్ల.

ముగ్గురం పోయి రేవు చూసి వచ్చాం. వచ్చేవాళ్ళలో సగం మందికి చదువు రాదు, బొమ్మే మాట్లాడాలి అని ఆమె తేల్చింది. కంప్యూటరులో ఎర్రటి గుండ్రం, మధ్యలో ఎత్తిన అరచెయ్యి గీసి తెచ్చింది. మా వెల్డరు చూసి, "గిది ఓటు గుర్తు. ఊళ్ళె రెండు పార్టీలు కొట్టుకుంటయి, గుంట సంగతి ఎవలు సూస్తరు?" అన్నాడు. నిజమే. చెయ్యి ఒక్కటే పెట్టడానికి మన దగ్గర వీల్లేదు, దానికి మనిషిని తగిలించాలి.

రెండు రోజులు ఏమీ గీయలేదు పిల్ల. మూడో రోజు రేకు మీద నేరుగా సుద్దముక్కతో గీసింది. ఒక ఆడమనిషి. ఎర్రటి బట్టలు. కుడి చెయ్యి ఎత్తి నిలబడింది.

"ఎవరే గీమె?"

"మా అమ్మ. తండా ముంగట వాగు ఉంటది కాకా. వానకు వాగొస్తే నేను ఉరికేదాన్ని. ఆ సప్పుడుకు పిలుపు ఇనవడదు. అమ్మ గవతలి ఒడ్డు నుంచి గిట్ల చెయ్యి ఎత్తేది. కాళ్ళు ఆడనే ఆగేటివి."

నేను ఏ జోకూ వెయ్యలేదు. వెల్డరు ఆశ్చర్యపోయి నాకు జ్వరమేమోనని అడిగాడు.

రంగులన్నీ ఆమే వేసింది. కళ్ళు మాత్రం నన్ను దిద్దమంది. ఇక్కడ నా చేతి సంగతి చెప్పాలి. ఏళ్ళ తరబడి గుళ్ళ గోడల మీద దేవతలను వేసిన చెయ్యి అది. ఏ ఆడమనిషిని వేసినా అమ్మవారైపోతుంది. ఒకసారి చిన్న కుటుంబం గురించి గోడ మీద బొమ్మ వేస్తే, పిల్లల తల్లికి త్రిశూలం ఒక్కటే తక్కువైంది. దేవతకు కళ్ళు ఆఖరున తెరుస్తాం. అలవాటు కొద్దీ ఇక్కడా ఆఖరున, చెవుల దాకా సాగదీసి తెరిచాను.

"కాకా, మా అమ్మకు గంత కండ్లు లేవు."

"దూరంకెల్లి కనవడాలె గదా బిడ్డా."

అది నిజమే అనుకుని ఆమె కూడా తన వంతు కలిపింది. ఎండకు దూరం నుంచి తళుక్కుమనాలని తండా ఆడవాళ్ళ రవికల మీద ఉండే అద్దాల్లాంటి ముక్కలు తెచ్చి బొమ్మ ఒంటి మీద అతికించింది. కింద పెద్ద అక్షరాలతో "ఆగండి. ముందు లోతు గుంట" అని రాసింది. గీత పెట్టకుండా రాసింది, అయినా ఒక్క అక్షరం వంగలేదు. నేను చూసీ చూడనట్టు ఛాయ్ తాగాను. ఎదురుగా పొగిడితే ఉస్తాదు పని పోతుంది.

పున్నమికి ముందు సోమవారం తీసుకుపోయి గుంట దగ్గర పాతాం. సిమెంటు దిమ్మెలు పోసి, చట్రాన్ని వాటికి నట్లతో బిగించాడు వెల్డరు. బిగించాక సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు. అది మా పద్ధతి. కొత్త బోర్డు ఏదైనా సరే, బార్ షాపుదైనా సరే, కాయ కొట్టి కర్పూరం వెలిగించకుండా నిచ్చెన దించం. పిల్ల కూడా చేతులు జోడించింది. మెట్ల మీద ఒక అవ్వ బట్టలు ఉతకడం ఆపి మమ్మల్నే చూసింది. నేను మర్యాదగా "మంచిదేనా అవ్వా?" అని పలకరించి వచ్చేశాను.

పున్నమి పొద్దున మేడం హైదరాబాదు నుంచి భూపాలపల్లి చేరుకున్నారు. ఆమెను తీసుకుని నలుగురం ఆటోలో రేవుకు పోయాం. దారి పొడవునా నేను మేడంకు బోర్డు గొప్పదనం చెబుతూనే ఉన్నాను. దూరం నుంచి అద్దాలు తళుక్కుమన్నాయి. "చూసిన్రా మేడం, ఎంత దూరం కనవడుతున్నదో!" అన్నాను. దగ్గరికి పోయేసరికి నా నోరు మూతపడింది.

బొమ్మ మొహం నిండా పసుపు. ఎత్తిన చేతికి రవిక గుడ్డ, గాజుల దండ. అక్షరాలున్న చోట దీపాల మసి, పసుపు నీళ్ళు, ఒక్క మాట కనిపించదు. కాళ్ళ దగ్గర కొబ్బరి చిప్పల గుట్ట. రేవులో సగం జనం అక్కడే ఉన్నారు. పైచివర ఇసుక ఖాళీ. మొక్కినవాళ్ళు మొక్కినట్టు నేరుగా ఎదురుగా ఉన్న మెట్లు దిగుతున్నారు. ఆ మెట్ల కిందే గుంట. బెస్తవాళ్ళు తెప్పలు అడ్డం పెట్టి గొంతు పోయేలా అరుస్తున్నారు.

బొమ్మ పక్కన పూజారిలా కూర్చుంది బట్టలుతికిన అవ్వ.

"గిదేంది అవ్వా?" అన్నాను.

"అమ్మ ఎలిసింది కొడకా. సోమారం నాడు. ముందుగాల నేనే సూసిన."

"ఎలిసుడేంది?" అన్నాడు వెల్డరు. "సిమెంటు నేనే కలిపిన!"

"కొబ్బరికాయ కొట్టింది ఎవలు? కర్పూరం ఎలిగించింది ఎవలు? ఉత్త రేకుకు కాయ కొడ్తరా ఎవలన్న? అభయం ఇస్తున్నది, సూడు, చెయ్యి ఎత్తి."

మా వెల్డరు నా వైపు చూశాడు. బతుకులో మొదటిసారి వాడు నా నుంచి జోకు ఆశించాడు. నా దగ్గర లేదు.

అంతలో కేక. కొబ్బరి నీళ్ళకు మెట్టు జారి ఒక చిన్నామె నీళ్ళలో పడింది. మొల లోతు, ఆ మీద గొంతు లోతు. బెస్తాయన తెడ్డు అందించాడు. పట్టుకుంది, లాగారు. బతికింది. ఆమె దగ్గుతూ మెట్ల మీద కూర్చుంటే పక్కవాళ్ళు, "అమ్మ ఎదురుంగ ఉన్నది కాబట్టే బతికినవ్" అని ఇంకో కాయ కొట్టారు.

ఊరి పెద్దాయన ఉరికి వచ్చాడు. "ఆపమని బోర్డు వెట్టమంటే జాతర వెడ్తిరి! పీకుండ్రి దాన్ని!"

వెల్డరు పానా తీశాడు. జనం లేచారు. "పున్నమి నాడు అమ్మను పీకుతరా? చెయ్యి ఏసి సూడు!" ఒకాయన వాడి చొక్కా పట్టుకున్నాడు. వాడు పానాను నెమ్మదిగా నా జేబులో పెట్టాడు. అదీ దోస్తుతనం.

మేడం పిల్ల దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నారు. "బోర్డు తీసేస్తే నాకు చూపించడానికి నీ దగ్గర ఏ పనీ ఉండదమ్మా. ఉంచితే ఎవరి ప్రాణమైనా పోతుంది. ఏం చేస్తావు?"

"తెలుసు మేడం" అంది.

పిల్లలూ, ఇక్కడ జర ఆగండి. నేనైతే ఆటో ఎక్కేవాణ్ణి. ఆ పిల్ల ఏం చేసిందంటే, బోర్డు వైపు చూడటం మానేసి, దానికి వీపు పెట్టి జనాన్ని చూసింది. ఎటు నుంచి వస్తున్నారు, ఎక్కడ చెప్పులు విడుస్తున్నారు, మొక్కాక కాళ్ళు ఎటు తిరుగుతున్నాయి. తరువాత నా చెవి దగ్గరికి వచ్చింది.

"కాకా, మనం వీళ్ళను ఆపుదామనుకున్నం. వీళ్ళు ఆగేటోళ్ళు కాదు. కానీ పిలిస్తే వస్తున్నరు."

చెప్పులు విడిచింది. పోయి అవ్వ ముందు గొంతుక్కూర్చుంది. అవ్వ ఇచ్చిన బొట్టు పెట్టుకుంది.

"అవ్వా, నువ్వే ముందు సూసినవు గదా. గందుకే నిన్ను అడుగుతున్న. గీడ అమ్మ కాళ్ళకాడ అంత బురద. మొక్కిన ఆడబిడ్డ ఇప్పుడే జారి పడ్డది. అమ్మకు గీ జాగ మంచిగున్నదా?"

అవ్వ బురద చూసింది, తడిసి వణుకుతున్న చిన్నామెను చూసింది. "లేదు బిడ్డా" అంది.

"అగో, గాడ తెల్లటి ఇసుక ఉన్నది. అమ్మను గాడికి ఊరేగించుకపోదామా? ముంగట నువ్వు నడువు."

అవ్వ లేచి నిలబడింది. కొంగు నడుముకు చుట్టి కేకేసింది. "డప్పులోళ్ళు ఎటు సచ్చిన్రు? అమ్మ లేస్తున్నది!"

ఇందాక చొక్కా పట్టుకున్నాయనే నా జేబులోంచి పానా తీసి వెల్డరు చేతికి అందించాడు. నట్లు విప్పారు. నలుగురు బోర్డును భుజాల మీదికి ఎత్తారు. డప్పు మోగింది. ముందు అవ్వ, వెనక చెయ్యెత్తిన బొమ్మ, దాని వెనక రేవంతా. అద్దాలు ఎండకు మెరుస్తూ ఉంటే జనం తల మీద వెలుగు చుక్కలు నాట్యమాడాయి. ఛాయ్ తాగినంత సేపట్లో గుంట దగ్గర ఒక్క మనిషి మిగల్లేదు. పెద్దాయన ఆ మెట్లకు అడ్డంగా వలలు, తుమ్మకంప వేయించాడు. అటు పోవాలని ఎవరికీ తోచలేదు కూడా. అక్కడ ఏముందని?

ఇసుకలో బోర్డు నిలిపాక ఒక చిక్కు మిగిలింది. మసి తుడిస్తే, మోకాలి లోతు నీళ్ళ ముందు "ఆగండి. ముందు లోతు గుంట" అని ఉంటుంది. పిల్ల నా సంచిలోంచి కుంచె తీసింది. టిన్నరుతో పాత మాటలు తుడిచి, జనం భుజాల మీద పడుతూ ఉంటే, డప్పు చెవిలో మోగుతూ ఉంటే, మోకాళ్ళ మీద కూర్చుని రాసింది. నేను డబ్బా పట్టుకున్నాను. ఉస్తాదు డబ్బా పట్టుకోవడం మా లైనులో ఎక్కడా లేదు. పట్టుకున్నాను.

"ఏం రాస్తున్నవు బిడ్డా?" అంది అవ్వ.

"అమ్మ మాట అవ్వా."

"ఇక్కడే స్నానం చేయండి." అక్షరాలు చక్కగా, నగలు లేకుండా కూర్చున్నాయి. ఆరకముందే మొక్కినవాళ్ళ వేళ్ళకు ఎర్ర ఎనామిల్ అంటింది. ఆ రోజు ఎంతమంది ఓటేసి వచ్చినట్టు వేళ్ళు చూపించుకుంటూ ఇళ్ళకు పోయారో.

మేడం అంతా చూశారు. "నువ్వు కాలేజీకి పంపిన డిజైన్ ఇది కాదు కదా" అన్నారు.

"కాదు మేడం. అది నేను కూర్చుని అనుకున్నది. ఇది వీళ్ళు చెప్పినంక చేసింది."

మేడం చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని నీళ్ళలోకి దిగి ఒక దీపం వదిలారు. మార్కులు అప్పుడే పడ్డాయని నేను వెల్డరుతో అన్నాను. వాడు నవ్వాడు. నిజంగా. పళ్ళు కూడా కనిపించాయి.

చివరికి కాలేజీవాళ్ళు, ఈ పిల్ల మా సంస్థలో పని నేర్చుకుంది అని లెటర్‌హెడ్ మీద రాసిమ్మన్నారు. మా సంస్థకు తలే సరిగా లేదు, లెటర్‌హెడ్ ఎక్కడిది? మంచి రేకు కోయించి, అంచుకు లతలు వేసి, ఎనామిల్‌తో రాసిచ్చాను. "ఈమె నా దగ్గర పని నేర్చుకున్నది. నేను ఈమె దగ్గర నేర్చుకున్నాను. బాకీ చెల్లు." ఫైల్లో పట్టదని గుమాస్తా వద్దన్నాడట. మేడం తీసుకుని తన గది గోడకు కొట్టించుకున్నారు. నా పనిలో ఫ్లెక్సీ కప్పని రెండోది అదే.

ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. దవాఖానల్లో ఎటు పోవాలో చెప్పే బోర్డులు చేస్తుంది. కొత్త దవాఖానకు పోతే మొదటి రోజు కంప్యూటరు తెరవదట. తలుపు దగ్గర కూర్చుని, వచ్చేవాళ్ళు ఎటు తిరుగుతారో చూస్తుందట. మీరూ చూడండి. నా మాట మీద కాదు, ఆమె మాట మీద.

మరుసటి కార్తీకానికి వాళ్ళమ్మను రేవుకు తీసుకొచ్చింది. మమ్మల్నీ రమ్మంది. ఇసుకలో జనం, దీపాలు, మధ్యలో బొమ్మ. మిరప తోట నుంచి నేరుగా వచ్చినట్టుంది ఆ తల్లి. బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూసింది. బొమ్మ ఎత్తిన చెయ్యి చూసింది, తన చెయ్యి చూసుకుంది.

"నన్ను తెచ్చి గీడ నిలవెట్టినవా?" అంది బిడ్డతో. "మరి తోటకు ఎవలు పోతరు?"

"నువ్వే పోవాలె. నేనైతే రాను" అంది పిల్ల.

తల్లి కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులు జోడించింది.

"అక్కా, నీకు నువ్వే మొక్కుకుంటున్నవా?" అన్నాను. ఊరుకోలేను కదా.

"నేనైతేంది అన్నా? పసుపు వెట్టినంక అమ్మనే" అంది కళ్ళు తెరవకుండా.

వెల్డరు అప్పటికే చెప్పులు విడిచాడు. నేనూ విడిచాను.